ఒక్క బెల్లు కొడితే

మా బాపు ఒంటి మీది అంగీని నలుగురిలో విప్పించిన మనిషి పేరు ఓంప్రకాశ్. కరీంనగర్‌లో గ్రానైట్ వ్యాపారి. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నేను చేసిన పని విన్నాక మీరు నన్ను తిడతారు. తిట్టండి, నాకేం కాదు. కానీ ఆ అంగీ సంగతి తెలుసుకుని తిట్టండి.

బాపు పేరు పోశం. గోదావరికి ఇవతలి గట్టున ఒక బొగ్గుబాయిలో ముప్పై రెండేళ్లు హాలేజీ ఆపరేటర్‌గా పనిచేశాడు. పట్టాల మీద నడిచే బొగ్గు టబ్బులను ఇనుప తాడుతో లాగే యంత్రం దగ్గర కూర్చునే పని అది. బాయి లోపలి మనుషులు ఆయనకు కనపడరు, వాళ్ల మాట వినపడదు. వినపడేది బెల్లు ఒక్కటే. ఒకటి కొడితే ఆపాలి, రెండు కొడితే దింపాలి, మూడు కొడితే లేపాలి. రెండూ మూడూ కొట్టడానికి వేరే మనుషులుంటారు. ఒకటి మాత్రం ఎవరైనా కొట్టొచ్చు, నిన్న పనిలో చేరినవాడైనా సరే. ఒక్క బెల్లు వినపడిందంటే ఎవరు కొట్టారు, ఎందుకు కొట్టారు అని అడగకూడదు. తాడు ఆగిపోవాలి. అడుగుతూ కూర్చుంటే కింద ఒక మనిషి పోతాడు.

మా కాలనీకి బేస్‌బాల్ ఎట్లా వచ్చిందంటే, బదిలీ మీద వచ్చిన ఒక ఇంజనీరు తెచ్చాడు. రెండేళ్లు ఆడించి, మళ్లీ బదిలీ అయి, రెండు బ్యాట్లూ ఒక డబ్బా బంతులూ మా బాపు చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. మగపిల్లలు క్రికెట్ వదిలి రాలేదు. ఆడపిల్లలం వచ్చాం. బాపు ఫస్ట్ షిఫ్ట్ దిగి, బొగ్గు మొహం కడుక్కోకుండానే గ్రౌండ్‌కు వచ్చేవాడు. వేపచెట్టుకు అరగజం ఇనుప రైలుపట్టా ముక్క కట్టి, దాన్ని స్పానర్‌తో కొట్టి మమ్మల్ని ఆడించేవాడు. ఒక్క బెల్లు కొట్టాడంటే ఎక్కడివాళ్లం అక్కడ కదలకుండా నిలబడాలి. కాలు గాలిలో ఉంటే గాలిలోనే ఉండాలి. కదిలినవాళ్లకు గ్రౌండ్ చుట్టూ పది రౌండ్లు.

ఒకనాడు నేను బ్యాట్ ఊపుతుంటే భవ్యశ్రీ అనే తొమ్మిదేళ్ల పిల్ల బంతి కోసం నా వెనక నుంచి దూసుకొచ్చింది. సిరిసిల్లలో బట్ట నేసే సాంచాలు ఆగిపోయాక మా కాలనీకి వచ్చి పడ్డ పద్మశాలోళ్ల పిల్ల. నేను చూడలేదు. బాపు చూసి ఒక్క బెల్లు కొట్టాడు. నా బ్యాటు దాని చెవికి జానెడు దూరంలో ఆగింది. ఆ పిల్ల కూడా పరుగులోనే ఆగిపోయి, నా బ్యాటు వైపు కళ్లింతలు చేసుకుని చూసింది. అప్పటినుంచి ఆ బెల్లంటే దానికి ఎంత భక్తో చెప్పలేను. నిద్రలో లేపి ఒకటి కొట్టినా ఊపిరి బిగబట్టేది.

ఆ పిల్లే పెద్దయ్యాక మా పిచ్చర్ అయింది, అంటే బంతి విసిరే మనిషి. నేను క్యాచర్‌ను. బ్యాట్ పట్టుకున్నవాళ్ల వెనక కూర్చుని, ఎట్లాంటి బంతి వేయాలో తొడల మధ్యన వేళ్లు చూపించి పిచ్చర్‌కు చెప్పే పని నాది. ఆ వేళ్ల లెక్క కూడా బాపుదే, బాయిలోని లెక్కే. ఒక వేలంటే ఆపు, వచ్చీ రానట్టు వచ్చే నిదానం బంతి. రెండంటే దింపు, బ్యాట్ దగ్గరికొచ్చి జారిపోయే బంతి. మూడంటే లేపు, రొమ్ముల ఎత్తున దూసుకొచ్చే బంతి. ఈ మూడింటితో మేము చుట్టుపక్కల ఊళ్లన్నిటినీ ఓడించాం.

ఎనిమిదేళ్ల కింద ఓంప్రకాశ్ తెల్ల కారు వేసుకుని మా గ్రౌండ్‌కు వచ్చాడు. శిఖర క్లబ్ అని కొత్తగా పెట్టాడట. "మన మట్టిల పుట్టిన పిల్లలుండంగ బయటోళ్లెందుకే పోశం? నీ పిల్లలను నాకియ్యి, నువ్వు కోచ్‌గ రా" అన్నాడు. బాపు అప్పటికి రిటైరై ఏడాది. ఎంత సంబరపడ్డాడో. కరీంనగర్ నిండా ఫ్లెక్సీలు కట్టించాడు సేటు, 'మన పిల్లలు, మన గెలుపు' అని. నిజంగానే గెలిచాం. ఉత్తర తెలంగాణ కప్పు వరుసగా రెండుసార్లు తెచ్చి ఆయన బల్ల మీద పెట్టాం.

గెలుపు రుచి మరిగినవాడికి ఓపిక ఉండదు. బాపు కొత్త పిల్లలను తయారు చేస్తానంటే మొహం చిట్లించేవాడు. "ఇంకెన్నిరోజులు పెంచుకుంట కూసుంటవే? తయారైనోళ్లు దొరుకుతుంటే పెంచుడెందుకు?" అనేవాడు. తయారైనవాళ్లు ఎక్కడెక్కడినుంచో దిగారు, ఏడుగురు. వాళ్ల మీద నాకు కోపం లేదు, మంచి ఆటగాళ్లే. వాళ్ల వెంట ఒక కోచ్ కూడా వచ్చాడు.

నాలుగేళ్ల కింద, మూడో కప్పు ఫైనల్ రోజు పొద్దున, సేటు అందరినీ కరీంనగర్ గ్రౌండ్‌లో నిలబెట్టి పేర్లు చదివాడు. మా కాలనీ పిల్లలం ఆరుగురిలో అయిదుగురి పేర్లు లేవు. భవ్యశ్రీ పేరొక్కటే ఉంది. అటువంటి చెయ్యి ఆయనకు బయట దొరకలేదు మరి. "మీది అయిపోయిందమ్మా, ఇగ ఇంటికి పోయి పనులు చేసుకోండ్రి" అన్నాడు. తర్వాత బాపు వైపు తిరిగాడు.

"పోశం, గా అంగీ జర కొత్త సార్‌కియ్యి. కోచ్ అని రాసింది అదొక్కటే ఉన్నది."

"ఇప్పుడేనా సేట్?"

"ఇప్పుడే. ఫొటో దిగాలె."

బాపు గుండీలు విప్పాడు. అరవై దాటిన మనిషి, తాను పెంచిన ఆడపిల్లల ముందు, చంకల దగ్గర చిరిగిన బనీను మీద నిలబడ్డాడు. అంగీని మడత పెట్టి మరీ ఇచ్చాడు. ఫొటోగ్రాఫర్ "పెద్దమనిషీ, పక్కకు జరుగు" అన్నాడు. కరీంనగర్ నుంచి మా ఊరిదాకా బస్సులో ఆయన భుజం మీద తువ్వాల కప్పుకుని, కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చున్నాడు. నేను పక్క సీట్లో కూర్చుని ఏడవలేదు. ఆ అంగీకి ఎన్ని గుండీలున్నాయో లెక్కపెట్టి గుర్తు పెట్టుకున్నాను. ఆరు.

ఆ తర్వాత బాపు మా కాలనీ గ్రౌండ్‌కు కూడా పోలేదు. గ్రౌండ్ మా ఇంటికి రెండు గల్లీల అవతలే. రేషన్ దుకాణానికి పోవాలంటే దాని పక్కనుంచే దారి. ఆయన సత్తమ్మ హోటల్ చుట్టూ తిరిగి, అర కిలోమీటరు ఎక్కువ నడిచి పోయేవాడు. ఇంట్లో కూర్చుని పాత గ్లవ్వులకు దారాలు కుట్టేవాడు, ఎవరూ అడగకపోయినా. నేను సేటును తిడితే "పోనియ్యి బిడ్డా. వాళ్ల అంగీ, వాళ్లు తీసుకున్నరు" అనేవాడు. ఆ మాటకు నాకు ఇంకా మండేది.

నాకు కావాల్సింది ఒక్కటే. బాపు మళ్లీ ఆ వేపచెట్టు కింద నిలబడాలి. అందుకు నాకు తెలిసిన దారి కూడా ఒక్కటే. ఆ ఓంప్రకాశ్ తన గ్రౌండ్‌లో, తన జనం ముందు తలవంచుకుని నిలబడడం బాపు కళ్లారా చూడాలి.

మరుసటి ఏడు నాకు ఉట్నూరు కాలేజీలో ఆటలు నేర్పే పీఈటీ ఉద్యోగం వచ్చింది. గోదావరి వంతెన దాటి ఆదిలాబాద్ వైపు పోయాను. అక్కడ బేస్‌బాల్ పేరు విన్నవాళ్లు లేరు. మొదటి నెల నేను బ్యాట్ పట్టుకుని నడుస్తుంటే, మేడం కుక్కలకు భయపడుతుంది కాబోలని జనం అనుకున్నారు.

ఒకనాడు ఊరి బయట జొన్నచేలో మంచె మీద నిలబడి ఒక పిల్ల వడిసెల తిప్పుతోంది. పిట్టలను తోలడానికి తాటి నార వడిసెలలో రాయి పెట్టి విసురుతున్నది. రాయి విసిరిన ప్రతిసారీ పిట్ట కూర్చున్న కంకికి పక్క కంకి ఊగుతోంది, పిట్ట లేచిపోతోంది. అరగంట నిలబడి చూశాను. ఒక్కటంటే ఒక్కటి గురి తప్పలేదు.

"పిట్టకు ఎందుకు తగుల్తలేదు?" అని అడిగాను.

ఆ పిల్ల నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "పిట్టను కొడ్తమా మేడం? పక్కకు కొట్టాలె. పిట్ట బతకాలె, చేను బతకాలె."

ఆ పిల్ల పేరు తారాబాయి. ఇంటర్ మధ్యలో ఆపేసి చేనుకు కాపలా ఉంటోంది. వాళ్ల అవ్వతో మాట్లాడి మళ్లీ కాలేజీలో చేర్పించాను. తారాబాయి వెంట జ్యోతిరాణి వచ్చింది, ఇంకా పదిమంది వచ్చారు, అందరివీ మంచెల మీద తిరిగిన చేతులే. వాళ్లకు విసరడం నేను నేర్పలేదు. బ్యాటు పట్టడం నేర్పాను, పరిగెత్తడం నేర్పాను, కోపం నేర్పాను. పక్కకు కాదు, నడిమధ్యకే కొట్టమని నేర్పాను. మూడేళ్లకు ఉట్నూరు జట్టంటే భయపడే ఊళ్లు తయారయ్యాయి. బాపు బెల్లు లెక్క మాత్రం వాళ్లకు చెప్పలేదు. ఎందుకు దాచుకున్నానో అప్పటికి నాకే తెలియదు.

ఈ ఏడు కప్పు పోటీల్లో మేమూ శిఖర క్లబ్బూ ఫైనల్‌కు వచ్చేటట్టున్నామని తెలిసి, ఒక ఆదివారం దొంగచాటుగా కరీంనగర్ పోయి వాళ్ల ఆట చూశాను. ఓంప్రకాశ్ తన గ్రౌండ్ చుట్టూ నల్ల గ్రానైట్ మెట్లు కట్టించాడు. ఎండకు అవి పెనంలా కాలుతుంటే, తువ్వాల పరుచుకుని కూర్చున్నాను. భవ్యశ్రీ విసురుతోంది. పిల్ల ఇంకా బాగా తేలింది. వాళ్ల క్యాచర్ పొడుగు మనిషి, మోకాళ్లు దగ్గరికి పెట్టి కూర్చోవడం రాదు. వేళ్లు పక్కనుంచి నాకు సాఫ్‌గా కనపడుతున్నాయి. ఒక వేలు చూపించింది. నిదానం బంతి వచ్చింది. రెండు. జారే బంతి. మూడు. పైకి లేచే బంతి.

బాపును వెళ్లగొట్టారు, బాపు లెక్కను ఉంచుకున్నారు! తర్వాత తెలిసిందేమిటంటే, కొత్త కోచ్ వేరే లెక్క పెడితే భవ్యశ్రీ ఒప్పుకోలేదట. పెద్దబాపు బెల్లు తప్ప నాకు వేరే బెల్లు వద్దని మొండికేసిందట. నాలుగేళ్లుగా ఆ పరాయి జట్టులో మా బాపును నిలబెట్టుకున్నది ఆ పిల్ల ఒక్కతే. ఇది తెలిసినప్పుడు నా మనసు కరగాలి కదా? కరగలేదు. నిజం చెబుతున్నాను, నాకు సంతోషమైంది. వాళ్ల తాళంచెవి నా కొంగుకే ఉందన్నమాట.

తిరిగొచ్చి మా పిల్లలకు చెప్పాను. మేము బ్యాటింగ్ చేసేటప్పుడు నేను మూడో బేస్ పక్కన, అంటే బంతి కొట్టినవాళ్లు వరుసగా తొక్కుతూ పరిగెత్తే గుర్తుల్లో మూడోదాని పక్కన, నిలబడతాను. నేను టోపీ ముట్టుకుంటే నిదానం బంతి, నడుము మీద చెయ్యి పెడితే జారే బంతి, చేతులు కట్టుకుంటే లేచే బంతి. కంటితో చూసి కనిపెట్టడం ఆట నియమాల్లో తప్పు కాదు. ఆ పుస్తకం నాలుగుసార్లు చదివి మరీ చూసుకున్నాను.

"మేడం, మీకెట్ల ఎరుకైతది?" అంది తారాబాయి.

"ఎరుకైతది, అంతే."

బాపును పిలవడానికి ఇంటికి పోయాను. రానన్నాడు. గ్లవ్‌కు దారం ఎక్కించి ముడి వేశాడు. తర్వాత అడిగాడు.

"భవ్య ఆడుతదా?"

"ఆడుతది."

"అయితే వస్త. ఆ పోరి చెయ్యి చూసి నాలుగేండ్లైంది."

నా ఆట కోసం కాదు, భవ్య కోసం వస్తానన్నాడు. కొంచెం కలుక్కుమంది. అయినా రావడమే కావాలి కదా అనుకుని ఊరుకున్నాను.

ఫైనల్ రోజు మెట్ల నిండా జనం. బాపు మూడో బేస్ వైపు, ఇనుప కమ్మీల రెయిలింగు పక్కన కూర్చున్నాడు. భుజం మీద తువ్వాల, చేతిలో స్టీలు నీళ్ల సీసా. ఎదురుగా షామియానా కింద తెల్ల అంగీ వేసుకుని ఓంప్రకాశ్. ఆయన అంగీకి ఏడు గుండీలు.

భవ్యశ్రీ మైదానంలోకి రాగానే రెయిలింగు దగ్గరికి పరిగెత్తి బాపు కాళ్లు మొక్కింది. నన్ను చూసి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను.

ఈ ఆటలో ఒక్కో జట్టుకు బ్యాటింగ్ వంతులు, అంటే ఇన్నింగ్స్, ఏడు; ముగ్గురు అవుటైతే ఒక వంతు అయిపోతుంది. మొదటి మూడు ఇన్నింగ్స్ మా పిల్లలు తడబడ్డారు, నా సైగలు చూసి బంతి చూడడం వాళ్లకు కుదరలేదు. శిఖర మూడు పరుగులు చేసింది. నాలుగో ఇన్నింగ్స్ నుంచి కుదిరింది. నేను నడుము మీద చెయ్యి పెట్టాను, జ్యోతిరాణి వంగి జారే బంతిని ఎడమకు తోసింది. చేతులు కట్టుకున్నాను, తారాబాయి లేచే బంతిని గ్రానైట్ మెట్ల మీదికి పంపింది. ఒక్కసారిగా రెండు పరుగులు. ఓంప్రకాశ్ కుర్చీలోంచి లేచాడు. ఆ లేవడం చూడడానికే నేను నాలుగేళ్లు బతికాను.

అయిదో ఇన్నింగ్స్‌లో భవ్యశ్రీ బంతి చేతిలో పట్టుకుని నా వైపు చూసింది. ఊరికే చూసిన చూపు కాదు. నా చెయ్యి నడుము మీదే ఉంది. అది చెయ్యిని చూసింది, నా మొహాన్ని చూసింది. నేను మొహం తిప్పుకున్నాను. దానికి తెలిసిపోయిందనుకున్నాను. ఇప్పుడు లెక్క మార్చేస్తారు, అయిపోయింది అనుకున్నాను. మార్చలేదు. క్యాచర్ మళ్లీ రెండు వేళ్లే చూపించింది, భవ్యశ్రీ మళ్లీ జారే బంతే వేసింది. అమాయకురాలు, కనిపెట్టలేదు అనుకుని నేను సంబరపడ్డాను. ఆరో ఇన్నింగ్స్‌లో మూడో పరుగు తీశాం. స్కోరు సమమైంది.

బాపు నీళ్లు తాగడం మానేశాడు. ఆయన చూపు బంతి మీద లేదు. క్యాచర్ వేళ్లను చూసి, నా చేతులను చూసి, మళ్లీ వేళ్లను చూస్తున్నాడు. నేను గమనించాను. గమనించి కూడా ఆపలేదు.

ఏడోది, ఆఖరి ఇన్నింగ్స్. శిఖర వంతు అయిపోయింది, మిగిలింది మా బ్యాటింగే. ఇద్దరు అవుటయ్యారు. జ్యోతిరాణి నా పక్కన, మూడో బేస్ మీద నిలబడి ఉంది. అది ఇంటికి, అంటే బ్యాట్ పట్టుకుని నిలబడే చోటున్న పలకకు, చేరితే చాలు, కప్పు మాది. బ్యాట్ తారాబాయి చేతిలో. క్యాచర్ ఒక వేలు చూపించింది. నిదానం బంతి. తారాబాయికి ముందే తెలిస్తే ఆ బంతి కరీంనగర్ దాటి పోతుంది.

నేను టోపీ ముట్టుకున్నాను.

భవ్యశ్రీ కాలెత్తింది. చెయ్యి వెనక్కి పోయింది. అప్పుడు మోగింది, ఇనుము మీద స్టీలు దెబ్బ, ఠంగుమని. ఒక్కటే.

బాపు లేచి నిలబడి, నీళ్ల సీసాతో రెయిలింగును కొట్టాడు. ఆయన కళ్లు నా మీదున్నాయి. ఆ బెల్లు నాకు కొట్టాడు. ఆ గ్రౌండ్‌లో అంతమంది ఉన్నా దాని అర్థం తెలిసినవాళ్లం ముగ్గురమే. నేను టోపీ మీదినుంచి చెయ్యి తీయలేదు.

భవ్యశ్రీ ఆగిపోయింది. కాలు గాలిలో, చెయ్యి వెనక, బంతి వేళ్లలో. తొమ్మిదేళ్లప్పుడు నా బ్యాటు ముందు ఎట్లా ఆగిందో అట్లాగే.

అంపైర్ రెండు చేతులూ ఎత్తి "బాక్!" అని అరిచాడు. పిచ్చర్ విసరడం మొదలుపెట్టాక మధ్యలో ఆగకూడదు. ఆగితే బేసుల మీదున్న ప్రతివాళ్లకూ ఒక బేస్ ఊరికే ఇస్తారు. మూడో బేస్ మీదున్న జ్యోతిరాణి ఏం జరిగిందో తెలియక నన్ను చూసింది. "నడువు" అన్నాను. అది నడుచుకుంటూ పోయి ఇంటి పలక తొక్కింది. తారాబాయి కొట్టాల్సిన పనే లేకపోయింది. గెలిచాం.

మా పిల్లలు గంతులు వేస్తున్నారు. ఓంప్రకాశ్ అంపైర్ మీదికి పరిగెత్తాడు. ఎవడో రెయిలింగు కొట్టాడు, అది లెక్కకు రాదు అని అరిచాడు. "జనం చప్పుడు జేస్తరు సేట్, ఆమె ఎందుకాగింది?" అన్నాడు అంపైర్. సేటు మొహం చూశాను. నేను నాలుగేళ్లు ఊహించుకున్న మొహం అది, ఊహించుకున్న దానికంటే బాగుంది.

కాసేపటికి తేరుకుని, జనం చూస్తున్నారని నవ్వు పులుముకుని నా దగ్గరికే వచ్చాడు. వ్యాపారి కదా.

"రేవతమ్మా, మంచిగ తయారు చేసినవ్. ఉట్నూరుల ఏమున్నది? మా దగ్గరికి కోచ్‌గ రా. ఆ తారాబాయిని గూడ తోల్కరా."

ఈ మాట కోసమే నేను జవాబు తయారు చేసి పెట్టుకున్నాను. అద్దం ముందు నిలబడి ఎన్నిసార్లు అనుకున్నానో.

"తప్పకుండ వస్త సేట్" అన్నాను, చుట్టూ అందరికీ వినపడేటట్టు. "ముందుగాల మీ ఒంటి మీది అంగీ ఇప్పుండ్రి. గిక్కడనే, అందరి ముంగట. మడత పెట్టి ఇయ్యుండ్రి. అది ఏసుకొని వస్త."

నలుగురు కిసుక్కుమన్నారు. ఆ నవ్వు మెట్ల మీదికి పాకింది. సేటు చెవులు ఎర్రబడ్డాయి. నా కడుపులో మంట చల్లారింది, అబద్ధం ఎందుకు చెప్పాలి? హాయిగా చల్లారింది. సరిగ్గా ఒక నిమిషం.

ఓంప్రకాశ్ నన్నేం చేయగలడు? నేను ఆయన మనిషిని కాదు. ఆయన గిరుక్కున తిరిగి మైదానం మధ్యలోకి పోయాడు. భవ్యశ్రీ ఇంకా అక్కడే, బంతి చేతిలో పట్టుకుని నిలబడి ఉంది.

"గీ ఊరోళ్లను పెట్టుకుంటే గిట్లనే ఉంటది" అని అరిచాడు. "నాలుగేండ్లు నిన్నొక్కదాన్ని ఉంచుకున్న. ఆ ముసలోడు సప్పుడు జేస్తే ఆగుతవా? నా అంగీ ఇప్పి పో. గిక్కడనే, అందరి ముంగట."

నా మాటలే. నా మాటలే తీసుకుపోయి దాని మీద వేశాడు.

భవ్యశ్రీ బతిమాలలేదు. బంతి కింద పెట్టింది. క్లబ్బు అంగీ గుండీలు విప్పింది. లోపల పల్చని పాత బనీను, చెమటకు ఒంటికి అతుక్కుని ఉంది. మెట్ల నిండా మగవాళ్లు. నా పక్కనుంచి ఎవరో దాటి పోయారు. బాపు. రెయిలింగు కిందినుంచి వంగి, మోకాళ్ల నొప్పులతో కుంటుకుంటూ పోయి, తన భుజం మీది తువ్వాల తీసి దాని చుట్టూ కప్పాడు. సేటు వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

వాళ్లిద్దరూ గేటు వైపు నడుస్తుంటే నేను అడ్డం పోయాను. "బాపూ, గెలిచినం" అన్నాను.

"బెల్లు నీకు కొట్టిన బిడ్డా" అన్నాడు బాపు. "నువ్వు ఆగలే. ఆగింది గీ పోరి."

"వాడు నీ అంగీ ఇప్పించిండు బాపూ! నేను నీ కోసమే—"

"నా కోసమైతే నా బెల్లును అమ్ముకుందువా?"

నేను భవ్యశ్రీ చెయ్యి పట్టుకున్నాను. "నా వెంట ఉట్నూరు రా. వాని మొహం చూసే పని లేదు. నిన్ను నేను ఆడిపిస్త."

అది చెయ్యి విడిపించుకోలేదు. నన్ను చూస్తూ నిదానంగా అంది. "అయిదో ఇన్నింగ్స్‌లనే నాకు ఎరుకైందక్కా."

"మరెందుకు లెక్క మార్చలే?"

"నువ్వే ఆపుతవనుకున్న."

భవ్యశ్రీ తువ్వాల గట్టిగా చుట్టుకుంది. "నీ వెంట రానక్కా. వచ్చే ఏడు నీ మీదికే వస్త" అంది. ఆ గొంతు నాకు తెలుసు. నాలుగేళ్ల కింద బస్సులో గుండీలు లెక్కపెట్టుకున్న ఆడదాని గొంతు అది.

కప్పు ఉట్నూరు కాలేజీ బీరువాలో ఉంది. తారాబాయి దాన్ని రోజూ తుడుస్తుంది. రెండు వారాల తర్వాత ఆదివారం నేను ఇంటికి పోయాను. బాపు ఇంట్లో లేడు. గ్లవ్వులు లేవు, స్పానర్ లేదు. సత్తమ్మ హోటల్ ముందు నిలబడితే ఆమె చెప్పింది. "మీ బాపా? పొద్దుగాలనే గ్రౌండ్‌కు పోయిండు. వాళ్లను వీళ్లను తొమ్మిది మంది పోరగాండ్లను జమ చేసిండు. రోజు పోతుండు."

నాలుగేళ్లుగా నేను కోరుకున్నది అదే. గ్రౌండ్ దాకా పోయాను, గేటు దాటలేకపోయాను. ప్రహరీ గోడకు ఇవతలే ఆగాను. వేపచెట్టు కింద బాపు నిలబడి ఉన్నాడు, కొత్త అంగీ వేసుకుని. ఎదురుగా భవ్యశ్రీ బంతి చేతిలో తిప్పుకుంటోంది. ఆయన నన్ను చూశాడు. భవ్యశ్రీ కూడా చూసింది. ఇద్దరిలో ఎవరూ నన్ను లోపలికి రమ్మనలేదు.

బాపు స్పానర్ ఎత్తి పట్టా ముక్కను కొట్టాడు. నేను అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. అయిదు. కొంచెం ఆగి మళ్లీ రెండు. భవ్యశ్రీ తల ఊపి, కాలెత్తి విసిరింది.

అయిదూ రెండంటే ఏ బంతో నాకు తెలియదు.